అజ్ఞాతవాస ధర్మము: విరాటపర్వము, నేటి సామాజిక మాధ్యమములు

తెలుగు సాహిత్య పరిశోధనకు మొదటినుండియు ప్రియమైన పని కర్తృత్వ నిర్ణయము. క్రీడాభిరామము వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా? కవిజనాశ్రయమును రచించినది మల్లియ రేచనయా, వేములవాడ భీమకవియా? ఆంధ్రశబ్దచింతామణి నన్నయదేనా? ఇట్టి ప్రశ్నలపై మన పూర్వులు వెచ్చించిన శ్రమ సామాన్యమైనది కాదు. కందుకూరి వీరేశలింగముగారి ఆంధ్రకవుల చరిత్రము మొదలుకొని చాగంటి శేషయ్యగారి ఆంధ్రకవితరంగిణి వరకు గల గ్రంథములలో ఈ శ్రమఫలము అడుగడుగున కానవచ్చును. పేరు లేని పద్యమునకు పేరు కుదుర్చుట, తారుమారైన పేరును సరిదిద్దుట మనకు విద్వద్ధర్మముగా అలవడినవి. ఆ అలవాటే నేడు మనలను ఒక చిక్కులో పెట్టినది. ఆ చిక్కును విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

కొంతకాలము క్రిందట ఒక పరిశోధక విద్యార్థి తన సిద్ధాంతవ్యాసములోని ఒక ప్రకరణమును మాకు చూపెను. విషయము ఫేస్‌బుక్కులో వెలువడుచున్న స్త్రీల కవిత్వము. అతడు గ్రహించిన రచనలలో ఒక కవయిత్రివి పది పన్నెండు కలవు. ఆమె కల్పితనామముతో వ్రాయును. తన ఇంటిలో తాను పడుచున్న హింసను గూర్చి వ్రాయును. విద్యార్థి శ్రద్ధ గలవాడు. ఆమె మాండలిక పదములను, వాడిన సామెతలను, వర్ణించిన ఊరి గుర్తులను ఒకచోట చేర్చి, వేరొక పేరుతో అచ్చయిన ఒక కథలోని వాక్యములతో పోల్చి, ఆమె ఎవరో నిర్ణయించినాడు. ఆ నిర్ణయము సరియైనదే కావచ్చును. అతని తర్కమున మాకు లోపము కనబడలేదు. పద్ధతి మేము నేర్పినదే. అయినను ఆ పుట చదువునప్పుడు మాకు భయము కలిగెను. ఆ పేరు అచ్చు కెక్కిననాడు ఆమె ఇంట ఏమి జరుగునో ఊహింపజాలక, ఆ పుటను తొలగింపుమంటిమి. అతడు వినయముగనే అడిగెను: క్రీడాభిరామమునకు చేయదగిన పని ఈ కవితలకేల చేయరాదు? మేమప్పుడు తృప్తికరమైన సమాధానము చెప్పలేకపోతిమి. ఇది ఆలస్యముగా చెప్పుచున్న ఆ సమాధానము.

పరిభాషా వివేచనము

ఈ చర్చలో “అజ్ఞాతము” అను ఒక్కమాట నాలుగు వేరువేరు స్థితులను కప్పివేయుచున్నది. వానిని విడదీయనిదే విచారము ముందునకు సాగదు.

మొదటిది పేరు లేకుండుట. దంపుళ్ల పాటకు, స్త్రీల పాటకు, జనుల నోట నిలిచిన చాటువునకు కర్త ఎవరో తెలియదు. ఎవరును దాచలేదు, కాలము చెరిపినది, లేదా పాడినవారు తమ పేరు చెప్పుకొనవలెనని తలపలేదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చాటుపద్యమణిమంజరిలో కూర్చిన పద్యములలో ఇట్టివి ఉన్నవి. వీనికి కర్తను వెదకుట వలన ఎవరికిని హాని లేదు. దొరకెనేని చరిత్రకు లాభము.

రెండవది పేరు మార్చుకొనుట. ఇది కలము పేరు. 1965లో వెలువడిన దిగంబరకవుల తొలి సంపుటిలోని ఆరుగురు నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అను పేర్లు పెట్టుకొనిరి. వారు ఆ పేర్ల వెనుక దాగలేదు. ఆ పేర్లతోనే లోకము ఎదుట నిలిచిరి. వారిలో ముగ్గురు 1971లో నిర్బంధమునకును గురియైరి. బీనాదేవి అనునది దంపతులిద్దరి ఉమ్మడి కలము పేరు. ఇట్టి తావుల పేరు రచనలో భాగము. దాని వెనుకనున్న వ్యక్తిని గూర్చి చెప్పుట రహస్యభేదనము కాదు.

మూడవది పేరు దాచుకొనుట. తన మాట లోకమునకు చేరవలెను, తాను మాత్రము చేరరాదు అనునది దీని స్వరూపము. దీనికి కారణము భయము కావచ్చును, సిగ్గు కావచ్చును, ఉద్యోగపు కట్టుబాటు కావచ్చును, తన కులము తెలిసినచో తన కవిత్వమును కులముతోనే కొలుతురను అనుభవము కావచ్చును.

నాలుగవది పేరులేమిని ఆయుధము చేసికొనుట. పరుల పేరును, పరుల ముఖచిత్రమును తొడుగుకొని మాటలాడుట, ముసుగు కప్పుకొని ఒకరిని నిందించుట దీనిలోనివి.

తొలి రెండును సాహిత్యచరిత్రకు విషయములు. తుది రెండును నీతికి విషయములు. సామాజిక మాధ్యమములలో ఈ నాలుగును పైకి ఒక్కతీరుననే కనబడును: ఒక చిన్న బొమ్మ, ఒక పేరు, క్రింద నాలుగు పంక్తులు. చదువరికి భేదము తెలియదు. పరిశోధకునికి తెలియవలెను.

విరాటపర్వ విచారము

ఈ భేదమును మన సాహిత్యములో అతిసూక్ష్మముగా పరిశీలించిన కావ్యము తిక్కన విరాటపర్వమని మా అభిప్రాయము. దానిని మన విమర్శకులు నాటకీయతకు, పాత్రోచిత సంభాషణమునకు, రసపోషణమునకు ఉదాహరణముగా చూపుట పరిపాటి. అవి యెల్ల ఒప్పుకొనదగినవే. కాని ఐదాశ్వాసముల ఈ పర్వము ఆద్యంతము పేరు దాచుకొనినవారి ధర్మమును గూర్చిన విచారమని తలచి చదివినచో, తెలిసిన ఘట్టములే క్రొత్తగా కనబడును.

కథకు మూలము ఒక ఒడంబడిక. పదుమూడవ యేట పాండవులు ఎవరికిని తెలియక ఉండవలెను; తెలిసినచో మరల పన్నెండేండ్ల అరణ్యవాసము, ఒక యేటి అజ్ఞాతవాసము. ఇచట గుర్తింపబడుటయే శిక్షకు కారణము. దుర్యోధనుడు వేగులను పంపినాడు. వారు వెదకినది సత్యమునే; పాండవులు ఎచట నున్నారను ప్రశ్న అసత్యమైన ప్రశ్న కాదు. కాని ఆ సత్యము దొరకిననాడు దానిని ఏమి చేయుదురను దానిపై ఆ అన్వేషణపు విలువ ఆధారపడియున్నది. వేగులవారి శ్రమ మన శ్రమ వంటిదే. వారి ప్రభువు ప్రయోజనము వేరు. పరిశోధకుడు తన శ్రమఫలము ఎవరి చేతికి పోవునో విచారింపక “నేను సత్యమునే వెదకితిని” అనినచో, అది చారుని సమాధానమగును గాని విద్వాంసుని సమాధానము కాదు.

విరాటనగరమున ప్రవేశింపకముందు ధౌమ్యుడు పాండవులకు సేవాధర్మమును ఉపదేశించును. రాజసన్నిధిని ఎట్లు నిలువవలయును, ఎప్పుడు పలుకవలయును, మందిరము లోపలి మాటను వెలుపల ఏల పలుకరాదు అను విషయములు ఇందు కలవు. ఈ భాగము లోకనీతిగా ప్రసిద్ధికెక్కినది. అది ఉన్న తావును బట్టి చూచినచో మరియొక అర్థము తోచును. తమ పేళ్లతో ఉన్నంతకాలము పాండవులకు ఈ ఉపదేశము అక్కరలేకపోయెను. కులము, కీర్తి, పెద్దల కన్ను వారిని కట్టియుంచినవి. పేరు విడిచిననాడు ఆ కట్టుబాట్లన్నియు విడిపోవును. కావున లోపలి కట్టుబాటును క్రొత్తగా చెప్పవలసివచ్చినది. పేరు దాచుకొనినవానికి నడవడి పట్ల జాగరూకత ఇనుమడింపవలెనే గాని సడలరాదు. నేటి వాడుక దీనికి తలక్రిందు. పేరు లేదు గనుక ఏమైనను అనవచ్చునను భావము వ్యాపించినది.

ఇక ద్రౌపది. అజ్ఞాతత్వము రక్షణమే కాదు, రక్షణలేమియు నగునని ఆమె కథ తెలుపును. పాంచాలికి ఐదుగురు భర్తలు, పుట్టినింటి బలము, కృష్ణుని అండ కలవు. మాలిని అను సైరంధ్రికి ఏవియు లేవు. కీచకుడు నిండుసభలో ఆమెను తన్నినప్పుడు భీముడు లేవబోగా ధర్మరాజు వారించును. కోపము బయటపడినచో పేరు బయటపడును. కంకుడు ఆమెను, సభలో నటివలె ఏల నిలిచితివని మందలించును. ఆమె తన భర్తయే నటుడని బదులు చెప్పును. తెలిసినవారికి ఆ మాట శూలము. తెలియనివారికి ఒక దాసి నిష్ఠురము. ఒక్క వాక్యము రెండు సభలను ఉద్దేశించి పలుకబడినది. కల్పితనామముతో వ్రాయు స్త్రీల కవితలను చదువునపుడు మాకు ఈ ఘట్టమే తోచుచుండును. ఆ కవిత యందు ఒక అర్థము లోకమునకు, ఒక అర్థము ఇంటివానికి. ఆ రెండవ అర్థమును లోకమునకు విప్పి చెప్పు వ్యాఖ్యాత, సభలో నిలిచి “ఈమె పాంచాలి, ఆ వంటవాడు భీముడు” అని చాటువాని వంటివాడు. అతడు చెప్పినది నిజమే, చేసినది ద్రోహము.

గుర్తింపబడు తీరును గూర్చియు కావ్యము రెండు మార్గములు చూపును. కీచకవధ వార్త కౌరవసభకు చేరినది. అంతటి బలశాలిని ఒంటిచేత చంపగలవాడు భీముడు గాక ఎవడు అను ఊహ మన కథాసంప్రదాయమున బలపడియున్నది. ఇది శైలిని బట్టి కర్తను గుర్తించుట. మా విద్యార్థి చేసిన పని ఇట్టిదే. రెండవది భీష్ముని మాట: ధర్మరాజున్న దేశమున జనులు సత్యవంతులై, దాతలై ఉందురు, వానలు సకాలమున కురియును, అట్టి దేశమును వెదకుడని అతడు సూచించును. అనగా పేరు దాచిన మనుష్యుని అతని చేష్ట బయటపెట్టును, శీలమును బయటపెట్టును. వ్రాతకు ముసుగు వేయవచ్చును గాని శైలికి ముసుగు లేదు. నేడు గణకయంత్రములు శైలిని లెక్కించి కర్తను ఊహింపగలుగుచున్నవి. గుర్తించుట సులభమైనకొలది గుర్తించి మిన్నకుండుట ఘనమైన విద్యయగును.

అందరును గమనించు ఘట్టము అర్జునుడు ఉత్తరునకు తన పది పేర్లు చెప్పుట. గమనింపని విషయము ఆ పేర్లను ఎవరు చెప్పిరనునది. చారులు చెప్పలేదు, శత్రువులు చెప్పలేదు, అర్జునుడే, తాను తగునని తలచిన సమయమున, తనను నమ్మి సారథ్యము చేయవలసినవానికి చెప్పెను. తన పేరు విప్పు హక్కు తనదే. గడువు పూర్తియైనదా లేదా అను వివాదము పుట్టగా భీష్ముడు అధికమాసములను లెక్కించి పూర్తియైనదని తీర్పు చెప్పెను. అంతవరకు ఆ పేరును పలుకు అధికారము ఎవరికిని లేదు.

పర్వాంతమున వచ్చు ఒక సంగతి మాకు ఈ విచారమునకెల్ల తలమానికముగా తోచును. విరాటుడు తన కూతురు ఉత్తరను అర్జునునకు ఇత్తుననెను. అర్జునుడు ఒల్లక, ఆమెను అభిమన్యునకు అడిగెను. ఏడాదికాలము తాను బృహన్నలగా అంతఃపురమున మెలగినాడు; ఆ కన్య తనను ఆచార్యునివలె, తండ్రివలె నమ్మినది; ఇప్పుడు పెండ్లియాడినచో ఆ కాలమంతయు లోకమునకు శంకాస్పదమగును. ముసుగులో నున్నప్పుడు సంపాదించిన నమ్మకమును ముసుగు తీసిన పిదప తన లాభమునకు మార్చుకొనరాదు. ఇంతకంటె సూక్ష్మమైన నీతి ఈ విషయమున మాకు ఎచటను కనబడలేదు. స్త్రీ పేరుతో స్త్రీల సమూహములలో చేరి వారి మనసు విప్పిన మాటలను గ్రహించు పురుషుడు, సభ్యుడనని చెప్పి చేరి పరిశోధన సామగ్రిని మూటగట్టుకొను విద్యార్థి, ఇద్దరును ఈ నిలువుటద్దములో తమ ముఖము చూచుకొనవలెను.

ఇచట ఒక ఆక్షేపణ రాదగును. పాండవులు విరాటుని మోసగింపలేదా? కంకుడు తాను ధర్మరాజు చెలికాడనని చెప్పుట అసత్యము కాదా? అసత్యమే. కావ్యము దానిని కప్పిపుచ్చలేదు. కాని ఆ అసత్యము వలన ఆశ్రయమిచ్చినవానికి నష్టము కలుగలేదు. గోగ్రహణమున అతని ఆలమందలను కాపాడినది ఆ ముసుగు మనుష్యులే. విరాటుడు పాచికతో కొట్టగా కంకుని ముఖమున నెత్తురు కారినను అతడు ఓర్చెను. పేరు మార్చుకొనిన పాండవులు శీలము మార్చుకొనలేదు. అజ్ఞాతత్వమునకు ఇదియే గీటురాయి.

నింద, నిందకుడు, జనసమూహము

మన సాహిత్యమున తిట్టునకు కొదువ లేదు. వేములవాడ భీమకవి తిట్టుకవిత్వమును గూర్చిన కథలు తెలియనివారు లేరు. తిరుపతి వేంకటకవులకు, వేంకటరామకృష్ణకవులకు నడచిన వివాదమున గీరతము మున్నగునవి పుట్టినవి. అందు పరుషోక్తులు మిక్కుటము. కాని తిట్టినవాడెవడో తిట్టుపడినవానికి తెలియును. మరునాడు మారు పద్యము చెప్పుటకు చిరునామా కలదు. వీరేశలింగముగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి రాజమహేంద్రవరపు అధికారుల లంచగొండితనమును ఎండగట్టినప్పుడును పత్రికాధిపతి ఎవరో ఊరెల్ల ఎరుగును. ఆ వ్రాతలకు తగిన సాహసము ఆ పేరుననే ఉన్నది.

దీనికి వేరైనది జనాపవాదము. వాల్మీకి ఉత్తరకాండమున భద్రుడు రామునకు నివేదించినది ఒక మనుష్యుని మాట కాదు. వీథులలో, సంతలలో జనులు అనుకొను మాట. దానిని అన్నవాడు లేడు, అందరును అన్నారు. బదులు చెప్పుకొనుటకు సీత ఎవరి ఎదుట నిలువవలెను? తరువాతి సంప్రదాయము ఒక చాకలిని సృష్టించి ఆ నిందకు ఒక ముఖము నిచ్చినది. ముఖము లేని నిందను భరించుట కథకే కష్టమైనది కాబోలు. నేడు ఒక కవయిత్రి ఒక కవిత వ్రాసినందుకు ఒక్కరాత్రిలో వందలకొలది జనులు ఆమెపై విరుచుకుపడుట మనము చూచుచున్నాము. అందు ఒక్కొక్కరు వ్రాసినది ఒక్క పంక్తియే; ఎవరికిని తాము చేసినది పాపమని తోచదు. దీనిని తిట్టుకవిత్వపు వారసత్వమని సమర్థించుట చెల్లదు. ఇది భద్రుడు తెచ్చిన వార్తకు వారసత్వము.

అయితే పేరులేని ఆరోపణమంతయు పాపమేనా? 2018లో దేశమున అనేక స్త్రీలు తమకు జరిగిన అన్యాయములను సామాజిక మాధ్యమములలో చెప్పుకొనిరి. కొందరు పేరు చెప్పిరి, కొందరు చెప్పలేదు. పేరు చెప్పినచో బ్రతుకు సాగని వారి నోట పేరు లేని మాటయే మిగిలియుండును. అట్లే, అభియోగము మోపబడినవానికి బదులు చెప్పుకొను అవకాశమును ఉండవలెను. ఈ రెండింటికిని నడుమ ఒక సులభసూత్రమును మేము చూపజాలము. బలహీనుడు బలవంతుని గూర్చి పలికిన అజ్ఞాతవాక్యమును, బలవంతులు గుంపుకట్టి బలహీనుని గూర్చి పలికిన అజ్ఞాతవాక్యమును ఒక్క త్రాసున తూచరాదని మాత్రము చెప్పగలము.

కల్పితనామము గౌరవచిహ్నముగా మారిన సందర్భమును తెలుగుదేశమే ఎరుగును. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఘోరహత్యకు గురియైన యువతి పేరును, చిత్రమును, సానుభూతి పేరుతో, లక్షలాది జనులు ఊరూర పంచిపెట్టిరి. అట్టి నేరమునకు గురియైనవారి పేరు ప్రకటింపరాదను చట్టము అప్పటికే కలదు. చివరకు పోలీసువారు ఆమెను “దిశ” అని వ్యవహరింపుడని కోరవలసివచ్చెను. జాలిపడినవారే తెర తొలగించిరి. ఒక కల్పితనామము దానిని మరల కప్పినది.

చట్టము చెప్పినది, చెప్పనిది

గోప్యత పాశ్చాత్యుల భావమనియు, ఉమ్మడి కుటుంబముల మన దేశమునకు పరాయిదనియు వాదించువారు కలరు. వారు రెండు తీర్పులను చూడవలెను. 1962 నాటి ఖరక్ సింగ్ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానపు అధికసంఖ్యాకులు గోప్యతను ప్రాథమికహక్కుగా అంగీకరింపలేదు. రాజమహేంద్రవరమున జన్మించిన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు భిన్నాభిప్రాయము వ్రాసి, గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో అవిభాజ్యమైన భాగమనిరి. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి వ్యాజ్యమున ఏకగ్రీవముగా గోప్యతను ప్రాథమికహక్కుగా నిర్ణయించినప్పుడు, ఆ భిన్నాభిప్రాయమే ఒప్పిదమైనది. నడుమ 1994లో, మరణశిక్ష పడిన ఒక ఖైదీ ఆత్మకథను ఒక తమిళ వారపత్రిక ప్రకటింపబూనిన వ్యాజ్యమున, మరియొక తెలుగు న్యాయమూర్తి జీవన్‌రెడ్డిగారు, పౌరుని కుటుంబము, వివాహము, సంతానము, విద్య మున్నగు విషయములను అతని అనుమతి లేక ప్రకటింపరాదనిరి. బహిరంగ పత్రములలోని విషయములకును, అధికారుల అధికారకృత్యములకును ఆ అడ్డు లేదనియు చెప్పిరి. సాహిత్య విద్యార్థులు చదువవలసిన తీర్పు ఇది. ఆత్మకథ వ్రాయు ప్రతివాడును ఇతరుల కథను కూడ వ్రాయుచున్నాడు గదా.

దుష్ప్రవర్తనకు మందు దండనమేనా? అంతర్జాలమున నొప్పించు వ్రాతలను శిక్షించు 66ఎ విభాగమును సర్వోన్నత న్యాయస్థానము 2015 మార్చి 24న కొట్టివేసినది. ఆ మాటల అర్థము నిలకడలేనిదై, నిర్దోషులైన వ్రాతగాండ్రనే భయపెట్టుచున్నదని దాని నిర్ణయము. కావున మర్యాదను చట్టముతో పుట్టింపజూచుట ప్రమాదకరమని తేలినది.

2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమున మనకు ముఖ్యమైన రెండు మినహాయింపులు కలవు. వ్యక్తి తానై బహిరంగపరచిన సమాచారమునకు ఆ చట్టము వర్తింపదు. నియమిత ప్రమాణములకు లోబడి, ఆ వ్యక్తిపై ఎట్టి నిర్ణయమునకును వినియోగింపక చేయు పరిశోధనకును చాలవరకు మినహాయింపు కలదు. అనగా మా విద్యార్థిని చట్టము ఆపకపోవచ్చును. చట్టము ఆపని చోటనే నీతి ఆరంభమగును.

ఉత్తరము, దినచర్య, అరుగు

గురజాడ అప్పారావుగారు 1915లో మరణించిరి. వారి దినచర్యలు, లేఖలు తరువాత అచ్చయినవి. దినచర్యలలో అధికభాగము ఆంగ్లమున, తమకొరకు తాము వ్రాసికొనినది. ఒంగోలు మునిసుబ్రహ్మణ్యముగారికి వ్రాసిన లేఖలు లేనిదే వ్యావహారికభాషను గూర్చిన వారి హృదయము మనకు ఇంత స్పష్టముగా తెలియకపోవును. ఈ ప్రచురణములను తప్పుపట్టువాడు సాహిత్యద్రోహి యగును. కాని వీని వెనుక మూడు రక్షణములు కలవు: కర్త గతించెను, నడుమ కాలము గడచెను, సంపాదకుడు ఎన్నిక చేసెను. నేటి ప్రైవేటు సంభాషణ మరుక్షణము స్క్రీన్‌షాటై ఊరేగునప్పుడు ఈ మూడింటిలో ఒక్కటియు లేదు. లేఖలను ప్రకటించుటకు పూర్వోదాహరణము కలదని దానిని సమర్థింపరాదు.

“బహిరంగముగ వ్రాసినదానికి గోప్యత ఎక్కడిది?” అను ప్రశ్నకు మన ఊరి ఇంటి కట్టడమే బదులు చెప్పును. రచ్చబండ ఉన్నది, వీథి అరుగు ఉన్నది, నడవ ఉన్నది, వంటిల్లు ఉన్నది. అరుగుమీద కూర్చుండి ఇరుగుపొరుగుతో చెప్పుకొను మాట దారిని పోవువానికి వినబడును. వినబడుట వేరు, అతనికి చెప్పుట వేరు. విన్నవాడు దానిని రచ్చబండ యెక్కి చాటడు. చాటినచో ఊరు అతనినే తప్పుపట్టును. ఫేస్‌బుక్కులో రెండువందలమంది మిత్రులకు వ్రాసిన కవిత అరుగుమీది మాట. వాట్సాప్ సమూహములోనిది నడవలోని మాట. సిద్ధాంతవ్యాసము రచ్చబండ, అందులోను చెరగని రచ్చబండ.

పరిశోధకునకు కొన్ని నియమములు

ఈ విచారమునుండి మేము గ్రహించిన నియమములు ఇవి. మొదట, బ్రతికియున్న రచయిత తన పేరు దాచుకొనినచో దానిని కనుగొనుట మన పని కాదు. అనుకోకుండ తెలిసినను ప్రకటించుట మన హక్కు కాదు. రెండవది, సమూహమున చేరునప్పుడే పరిశోధకుడనని చెప్పవలెను. మూడవది, రచనను ఉదాహరించుటకు అనుమతి అడుగవలెను. పేరు తొలగించితిమి గదా అనుట చాలదు. ఒక్క పంక్తిని అంతర్జాలమున వెదకినచో దాని యజమాని దొరకును. ఉదాహరణమే జాడయగును. అనుమతి దొరకనిచో గుణదోషములను మన మాటలలో చెప్పి, మూలమును పరీక్షకులకు మాత్రము చూపవచ్చును. విమర్శకు ఇది లోపమే. మూలవాక్యము లేని విమర్శ కాళ్లు విరిగిన విమర్శ. ఆ లోపమును ఎరిగియే ఒప్పుకొనవలెను.

నాలుగవ నియమము దీనికి ఎదురు దిక్కున నున్నది. గోప్యత పేరుతో పేరు చెరిపివేయుటయు ద్రోహమే. వాట్సాపులో ఒకరి కవితను పేరు తీసివేసి పంపుట నేడు సామాన్యమైనది. అట్లు పంపినవాడు జీవించియున్న కవిని దంపుళ్ల పాట చేసివేయుచున్నాడు. 1957 నాటి కాపీరైటు చట్టము అజ్ఞాతనామ, కల్పితనామ రచనలకును ప్రచురణము తరువాత అరువదియేండ్ల రక్షణ నిచ్చినది. కల్పితనామమును ఒక పేరే. ఆమె ఏ పేరు పెట్టుకొనినదో ఆ పేరుతోనే, ఆమె ఒప్పుకొనినచో, పేర్కొనవలెను. ఆమె తన నిజనామముతో పేర్కొనుడనినచో నిజనామముతోనే పేర్కొనవలెను. నిర్ణయము ఆమెది.

ఉపసంహారము

ఇక విద్యార్థి ప్రశ్న. క్రీడాభిరామకర్తను నిర్ణయించినచో ఆ కర్తకు మనము కీర్తిని ఇచ్చుచున్నాము. అతనిని శిక్షింప ఎవ్వరును లేరు. ఈ కవయిత్రిని నిర్ణయించినచో కీర్తి మనకు, శిక్ష ఆమెకు. రెండు పనులకు పద్ధతి ఒక్కటే. ధర్మము ఒక్కటి కాదు. గతించినవారి పేరు వెదకుట ఋణము తీర్చుట. జీవించియున్నవారి దాచిన పేరు వెదకుట, దుర్యోధనుని పనుపున తిరిగిన వేగులవారి పని.

మా విద్యార్థి ఆ పుటను తొలగించెను. తరువాత తానై ఆ కవయిత్రికి, ఆమె కల్పితనామమునకే, ఒక లేఖ వ్రాసి, తాను పరిశోధకుడనని చెప్పి అనుమతి కోరెను. కొన్ని దినములకు బదులు వచ్చినది. రెండు కవితలను ఉదాహరింపవచ్చుననియు, మిగిలినవి వలదనియు ఆమె వ్రాసెను. ఆ రెండింటిపైననే అతడు ఆ ప్రకరణమును మరల వ్రాసినాడు. మునుపటికంటె అది కురుచైనది. ఆమె ఎవరో మాకును అతనికిని తెలిసినట్లే యున్నది. అయినను ఆ పేరును మేమిద్దరమును ఇంతవరకు ఒకరితో ఒకరము పలుకలేదు.